మందుకు కాదు, మేలుకు చెల్లింపు: ప్రాథమిక వైద్యంలో మారుతున్న లెక్క

ప్రభుత్వం ప్రజల వైద్యానికి ఎంత ఖర్చు చేస్తున్నదన్నది తరచుగా చర్చకు వచ్చే విషయం. ఆ డబ్బును ఏ పద్ధతిన చెల్లిస్తున్నదన్న ప్రశ్న మాత్రం గ్రామసభలలో గానీ, రచ్చబండ దగ్గర గానీ వినిపించదు. నిజానికి మన ఊరి ఉపకేంద్రంలో నర్సమ్మ ఏ పనికి ఎక్కువ సమయం కేటాయిస్తుంది, పట్టణంలోని ఆసుపత్రి ఏ రోగిని చేర్చుకొనడానికి ఆసక్తి చూపుతుంది అన్నవి చాలవరకు ఈ రెండవ ప్రశ్నపైనే ఆధారపడి ఉంటాయి.

గత ఇరవై ఏళ్ళకు పైగా అనేక దేశాలు ఈ చెల్లింపు పద్ధతిని మార్చడానికి ప్రయత్నిస్తున్నాయి. మన దేశంలో 2018 నుంచి ఆ మార్పు ఉపకేంద్రం గడప వరకు వచ్చింది. చేసిన పరీక్షల సంఖ్యకు, రాసిన మందుల సంఖ్యకు కాక, రోగికి కలిగిన మేలుకు డబ్బు చెల్లించాలన్నది దాని సారాంశం. ఇది ఎట్లా పనిచేస్తుంది, ఇతర దేశాల అనుభవం ఏమి చెబుతున్నది, రెండు రాష్ట్రాల నడుమ బ్రతికే మన కుటుంబాలకు దీనితో ఏమి సంబంధం అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాము.

కూలి, గుత్త, మేర, కోరు

వ్యవసాయ కుటుంబాలకు ఈ పద్ధతులు కొత్తవి కావు. పేర్లే వేరు.

మొదటిది పనికింత అని ఇచ్చే కూలి. వైద్యంలో ఇది ప్రతి పరీక్షకు, ప్రతి సూదిమందుకు, ప్రతి సందర్శనకు విడివిడిగా రుసుము చెల్లించడం. పని ఎంత పెరిగితే రాబడి అంత పెరుగుతుంది గనుక, అవసరం లేని సూది, అవసరం లేని పరీక్ష ఇందులో సులభంగా చొరబడతాయి. రోగి బాగుపడి మళ్ళీ రాకపోతే వైద్యునికి నష్టమే.

రెండవది గుత్త. ఒక పొలం కోతను ఇంత మొత్తానికని ఒక గుంపు ఒప్పుకొన్నట్లు, ఒక శస్త్రచికిత్సకు మొదలు నుంచి చివరి వరకు ఒకే మొత్తం నిర్ణయించడం. దుబారా తగ్గుతుంది. కాని గుత్త ఉన్న పనికే గిరాకీ పెరుగుతుంది.

మూడవది మేర. పూర్వం ఊళ్ళో మంగలికి, చాకలికి, వడ్రంగికి పని జరిగిన ప్రతిసారీ డబ్బు ఇచ్చేవారు కారు. పంట ఇంటికి వచ్చే ముందు కళ్ళంలోనే ఏడాదికింత ధాన్యం కొలిచి ఇచ్చేవారు. వైద్యంలో తలకు ఇంత అని, రోగం వచ్చినా రాకున్నా, ఆ ప్రాంత ప్రజల బాధ్యతను ఒక వైద్యునికో కేంద్రానికో అప్పగించి చెల్లించడం ఇటువంటిదే. ప్రజలు ఆరోగ్యంగా ఉంటే వైద్యునికి పని తగ్గుతుంది, రాబడి తగ్గదు. అయితే మేర ఎట్లాగూ వస్తుంది గదా అని పని ఎగవేసే ప్రమాదం ఇందులో ఉన్నది. నెల జీతానికి కూడా ఇదే బలం, ఇదే బలహీనత.

నాలుగవది కోరు. పండిన దానిలో పాలు. వైద్యంలో దీనికి సమానమైనది ఫలితాన్ని బట్టి చెల్లించడం. రక్తపోటు రోగులలో ఎంతమందికి పోటు అదుపులోకి వచ్చింది, క్షయ రోగులలో ఎంతమంది చికిత్స పూర్తి చేశారు అని లెక్క చూసి చెల్లించడం.

ఇందులో ఏ ఒక్కటీ లోపం లేనిది కాదు. నేడు ప్రభుత్వాలు చేస్తున్న సంస్కరణ అంతా మేరకు కొంత కోరును కలిపి, కూలిని తగ్గించే ప్రయత్నమే.

గుత్త వైద్యం ఎక్కడ ఆగిపోతుంది?

తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఇది మొదలయింది. మూడూ సరిహద్దు జిల్లాలే కావడం గమనార్హం. గుండె, మూత్రపిండాలు, క్యాన్సరు వంటి పెద్ద జబ్బులకు ఆస్తులు అమ్ముకొనవలసిన స్థితి నుంచి అనేక కుటుంబాలను ఈ పథకం కాపాడింది. 2018 సెప్టెంబరు 23న కేంద్రం ప్రారంభించిన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కూడా ఈ కోవకు చెందినదే. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సను అది భరిస్తుంది.

ఈ రెండూ ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన తరువాతి చికిత్సకు గుత్తగా చెల్లించేవి. పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేరితే కార్డు పనికి వస్తుంది. ఆ పక్షవాతం రాకుండా పదేళ్ళపాటు రోజుకొక రక్తపోటు మాత్ర వేయించే పనికి ఈ గుత్తలో చోటు లేదు. చక్కెర వ్యాధి ముదిరి మూత్రపిండాలు చెడిన తరువాత డయాలిసిస్‌కు డబ్బు దొరుకుతుంది. చెడకుండా చూసిన నర్సమ్మ శ్రమ ఆ లెక్కలోకి రాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకొనే పద్ధతి ఇది. ఆ ఆకులు కూడా అవసరమే, సందేహం లేదు. కాని చేతులు కాలకుండా చూసేవారికి చెల్లింపు లేనంతకాలం ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రభుత్వ ఆరోగ్య వ్యయంలో మూడింట రెండు వంతులు లేదా అంతకు మించి ప్రాథమిక వైద్యానికే దక్కాలని చెప్పడానికి కారణం ఇదే.

ఇంగ్లండు అనుభవం

ఫలితానికి చెల్లింపు అన్న ఆలోచనను పెద్ద ఎత్తున అమలు చేసిన దేశం బ్రిటన్. అక్కడ ప్రతి పౌరుడూ ఒక కుటుంబ వైద్యుని వద్ద పేరు నమోదు చేసుకొంటాడు. 1948లో జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడిన నాటి నుంచి ఆ వైద్యులకు చెల్లింపులో తలకింత అన్న మేరదే ప్రధాన భాగం. 2004లో దానికి కోరును జోడించారు. 146 సూచికలు, మొత్తం 1050 పాయింట్లు. రక్తపోటు అదుపులో ఉన్న రోగుల శాతం, చక్కెర పరీక్ష జరిగిన వారి శాతం వంటి వాటికి పాయింట్లు, పాయింటుకింత అని డబ్బు.

మొదటి ఏడాదిలోనే వైద్యశాలలు ప్రభుత్వం ఊహించిన దానికంటే ఎక్కువ పాయింట్లు సంపాదించాయి. ఉబ్బసం, చక్కెర వ్యాధి రోగుల సంరక్షణ కొంతకాలం వేగంగా మెరుగుపడింది. దస్త్రాలు క్రమబద్ధమయ్యాయి. కాని లక్ష్యాలు అందిన తరువాత ఆ వేగం మందగించింది. పాయింట్లు లేని అంశాలలో కొన్నింటి పట్ల శ్రద్ధ తగ్గినట్లు పరిశోధకులు గుర్తించారు. ఎప్పుడూ చూసే వైద్యుడే మళ్ళీ చూడడమన్నది కూడా తగ్గింది. చివరకు స్కాట్లండు 2016లో ఈ పద్ధతిని రద్దు చేసుకొన్నది. ఇంగ్లండు సూచికలను తగ్గించుకొంటూ కొనసాగించింది.

మనకు మరింత ముఖ్యమైన అంశం ఒకటి ఉన్నది. మూడుసార్లు పిలిచినా రాని రోగిని లెక్క నుంచి తప్పించే వీలు ఆ పద్ధతిలో కల్పించారు. వైద్యునికి అన్యాయం జరగకుండా చేసిన ఏర్పాటే అది. కాని రాలేని రోగి ఎవరు? ఊరు విడిచి పనికి పోయినవాడు, మంచాన పడినవాడు, భాష రానివాడు. ఎవరికి సంరక్షణ ఎక్కువ అవసరమో వారే లెక్కలో లేకుండా పోయే అవకాశం అక్కడ ఉన్నది. ఈ విషయాన్ని మళ్ళీ తలచుకొందాము.

అమెరికా, థాయిలాండ్

మన ప్రాంతాల నుంచి పిల్లలు వెళ్ళి స్థిరపడిన అమెరికాలో సమస్య మరొక విధమైనది. అక్కడ వృద్ధుల కోసం 1965లో ఏర్పడిన మెడికేర్ పథకం వైద్యులకు ప్రధానంగా పనికింత అనే చెల్లిస్తూ వచ్చింది. 2010 ఆరోగ్య చట్టం తరువాత ప్రాథమిక వైద్యానికి నెలకు రోగికింత అని చెల్లించే ప్రయోగాలు ఆరంభమయ్యాయి. 2017 నుంచి 2021 వరకు జరిగిన ఒక పెద్ద ప్రయోగంలో అత్యవసర విభాగానికి పరుగెత్తే రోగుల సంఖ్య కొద్దిగా తగ్గింది గాని, వైద్యశాలలకు అదనంగా ఇచ్చిన సొమ్ము కూడా కలిపి చూస్తే ప్రభుత్వానికి మిగులు కనిపించలేదు. 2024 జులైలో ఎనిమిది రాష్ట్రాలలో పదేళ్ళకు పైగా నడపాలని మొదలుపెట్టిన మరొక ప్రయోగాన్ని 2025 చివరితో ముగిస్తున్నట్లు ప్రభుత్వం 2025 మార్చిలో ప్రకటించింది. రోగాన్ని నివారించిన ఫలం చాలా ఏళ్ళకు గాని కనపడదు. ప్రభుత్వాలు లెక్క చూసేది రెండు మూడేళ్ళకే. ఈ చిక్కు ఒక్క అమెరికాదే కాదు.

థాయిలాండ్ 2001-02లో మేర పద్ధతిని ఎంచుకొన్నది. జిల్లా స్థాయి వైద్య కేంద్రాలకు తలకింత అని నిధులు ఇచ్చి, రోగి నుంచి సందర్శనకు 30 బాత్‌లు మాత్రమే తీసుకొనే పథకమది. పేదదేశాలకు అది ఆదర్శంగా నిలిచింది. అయితే పేరు నమోదైన చోటనే వైద్యం పొందాలన్న నియమం వలసపోయే కూలీలకు ఇబ్బంది అయింది. 2024 నుంచి గుర్తింపు కార్డు చూపితే ఎక్కడైనా వైద్యం అన్న విధానాన్ని ఆ దేశం దశలవారీగా అమలులోకి తెచ్చింది. డబ్బు కేంద్రంతో కట్టుబడి ఉండరాదు, మనిషి వెంట నడవాలన్నది వారు ఇరవై ఏళ్ళ తరువాత నేర్చుకొన్న పాఠం.

మన ఉపకేంద్రానికి వచ్చిన మార్పు

మన దేశంలో ఉపకేంద్రాలను ఆరోగ్య, శ్రేయస్సు కేంద్రాలుగా మార్చే కార్యక్రమం 2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లా గ్రామంలో ప్రారంభమయింది. తెలంగాణను ఆనుకొని ఉన్న జిల్లా అది. 2023లో ఈ కేంద్రాలకు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చారు. తెలంగాణలో పల్లె దవాఖానాలుగా ప్రజలకు తెలిసినవి ఇటువంటివే.

అంతకుముందు ఉపకేంద్రం పని గర్భిణులు, టీకాలు, కుటుంబ నియంత్రణ. ఇప్పుడు దానికి 30 ఏళ్ళు దాటిన వారందరికీ రక్తపోటు, చక్కెర, కొన్ని రకాల క్యాన్సరు పరీక్షలు, మందులు జతపడ్డాయి. ఇందుకోసం సామాజిక ఆరోగ్య అధికారి అన్న కొత్త ఉద్యోగిని నియమించారు. జాతీయ ఆరోగ్య మిషన్ మొదటి మార్గదర్శకాల ప్రకారం ఆ ఉద్యోగికి నెలకు 25,000 రూపాయల స్థిర వేతనం, పనితీరును బట్టి మరో 15,000 రూపాయల వరకు ప్రోత్సాహకం. కేంద్రంలోని నర్సమ్మలు, ఆశా కార్యకర్తలు అందరికీ కలిపి ఏడాదికి లక్ష రూపాయల వరకు జట్టు ప్రోత్సాహకం. మొత్తాలు, సూచికలు రాష్ట్రాన్ని బట్టి మారుతుంటాయి. అంటే ఇక్కడ జీతానికి కోరును జోడించారన్నమాట.

ఆలోచన మంచిదే. అయితే దేనికి ఎంత కొలిచారన్నది చూడాలి. ఆశా కార్యకర్త ఇంటింటికి వెళ్ళి ఒక వ్యక్తి ఆరోగ్య వివరాల పత్రం నింపితే 10 రూపాయలు. రోగమున్నదని తేలిన వ్యక్తిని ఆరు నెలలపాటు వెంటబడి చికిత్సలో నిలిపితే 50 రూపాయలు అన్నది కార్యక్రమం ఆరంభంలో నిర్ణయించిన రేటు. అంటే నెలకు ఎనిమిది రూపాయల చిల్లర. కొద్ది నిమిషాలలో అయ్యే పత్రానికి పది రూపాయలు, నెలంతా పట్టించుకొనవలసిన మనిషికి ఎనిమిది. ఏది ముందు జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. పైగా ఆ కొద్దిపాటి సొమ్ము కూడా నెలల తరబడి అందడం లేదని ఆశా కార్యకర్తలు పలు రాష్ట్రాలలో ఆందోళనలు చేశారు. తప్పు వారిది కాదు, కొలతది.

సరైన కొలతకు నమూనా మన దగ్గరే ఉన్నది. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాలలో తెలంగాణ, మహారాష్ట్ర రెండూ ఉన్నాయి. ఎంతమందికి పరీక్ష చేశారన్న దానితో అక్కడ లెక్క ముగియదు. నమోదైన రోగులలో ఈ మూడు నెలల్లో ఎంతమంది వచ్చారు, వచ్చినవారిలో ఎంతమంది పోటు 140/90 కంటే తక్కువగా ఉన్నది, ఎంతమంది రాలేదు అని చూస్తారు. రానివారి జాబితా తీసి ఫోను చేస్తారు, ఇంటికి వెళతారు. క్షయ చికిత్సలో కూడా చికిత్స పూర్తి అయిన తరువాతనే దానికి తోడ్పడిన ఆశా కార్యకర్తకు ప్రోత్సాహకం ఇస్తారు. మేలును కొలవడమంటే ఇది.

సరిహద్దు గ్రామాల చిక్కు

ఇప్పుడు మన ఊళ్ళ సంగతికి వద్దాము. పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి, ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి, రాయదుర్గం నుంచి బళ్ళారికి, కుప్పం నుంచి కోలారు బంగారు గనుల ప్రాంతానికి, సిరొంచ నుంచి చెన్నూరుకు, యానాం నుంచి కాకినాడకు రాకపోకలు నిత్యకృత్యం. ఇల్లొక రాష్ట్రంలో, పొలమొక రాష్ట్రంలో, కూతురి అత్తవారిల్లు మరొక రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు కోకొల్లలు. మిరపకోతలకు నెలల తరబడి రాష్ట్రం దాటి వెళ్ళేవారు వేరు.

ఆసుపత్రి చికిత్స విషయంలో సరిహద్దు అడ్డు కొంత తగ్గింది. జన ఆరోగ్య యోజన కార్డు గుర్తింపు పొందిన ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉన్నా పనిచేస్తుంది. చాలాకాలం బయట ఉండిపోయిన ఒడిశా కూడా 2025లో అందులో చేరింది. కాని ఉపకేంద్రం పుస్తకం మాత్రం ఊరి పొలిమేర దాటదు.

రక్తపోటు ఉన్న ఒక రైతు కర్ణాటకలోని తన ఊరి కేంద్రంలో నమోదైనాడనుకొందాము. మూడు నెలలు అనంతపురం జిల్లాలోని బంధువుల ఊరిలో ఉండి అక్కడి కేంద్రంలో మాత్రలు తీసుకొన్నాడు. సొంత ఊరి లెక్కలో అతడు రాని రోగి. రెండవ ఊరి లెక్కలో అతడు వారి జనాభాలో లేని మనిషి. అతని పోటు అదుపులో ఉంటే ఆ ఫలం ఎవరి ఖాతాలోనూ పడదు. అదుపు తప్పితే ఎవరికీ జవాబుదారీ లేదు. ఫలితానికి చెల్లింపు ఎంత కచ్చితమైతే, ఇటువంటి మనిషిని జాబితాలో ఉంచుకొనడానికి సిబ్బంది అంత వెనుకాడవచ్చు. ఇంగ్లండులో మూడు పిలుపుల తరువాత లెక్క నుంచి తప్పించిన రోగి మన దగ్గర ఈ సరిహద్దు మనిషే అవుతాడు.

దీనికి తోడు చీటీ భాష. ఒడియాలోనో, కన్నడంలోనో, మరాఠీలోనో ఉన్న సలహా అవతలి నర్సమ్మకు అర్థం కాదు. ఒకే మందు రెండు కంపెనీ పేర్లతో ఉంటే రోగి రెండూ వేసుకొనే ప్రమాదమూ, రెండూ మానివేసే ప్రమాదమూ ఉన్నాయి.

ఇంటి గడపకే వైద్యం అన్న పథకాలు సరిహద్దులోనే మొదలవుతున్నాయన్నది ఆశాజనకమైన విషయం. తమిళనాడు తన మక్కళై తేడి మరుత్తువం పథకాన్ని 2021 ఆగస్టు 5న తెలుగువారు అధికంగా ఉండే కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలో ప్రారంభించింది. కర్ణాటక గృహ ఆరోగ్య పథకాన్ని 2024లో కోలారు జిల్లాలో ప్రయోగాత్మకంగా చేపట్టింది. అయితే ఇవి కూడా ఆయా రాష్ట్రాల పుస్తకాలలోనే ఆగిపోతే సగం ప్రయోజనమే. పొరుగు జిల్లాల కేంద్రాలు ఒకరి రోగిని మరొకరు చూసినప్పుడు ఆ సమాచారాన్ని పంచుకొని, ఫలాన్ని ఇద్దరికీ జమకట్టే ఏర్పాటు జరగాలి.

కుటుంబాలు చేయగలిగినది

ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరేవరకు చేతులు ముడుచుకొని కూర్చొననక్కరలేదు.

ఒకటి, ఇంటిలో ఒక నోటుపుస్తకం పెట్టుకొనండి. పరీక్ష జరిగిన ప్రతిసారీ తేదీ, రక్తపోటు అంకెలు, చక్కెర అంకెలు రాయించుకొనండి. మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములన్నది రాయించుకొనండి. 140/90 అన్నది ఏ రాష్ట్రంలోనైనా 140/90యే.

రెండు, ఊరు విడిచి వెళ్ళే ముందు నర్సమ్మకో ఆశా కార్యకర్తకో చెప్పి వెళ్ళండి. వెళ్ళే కాలానికి సరిపడా మాత్రలు అడగండి. చెప్పకుండా వెళితే మీరు మందు మానివేసినవారి జాబితాలో చేరతారు.

మూడు, క్షయ చికిత్సలో ఉన్నవారు పేరును కొత్త ఊరికి బదిలీ చేయించుకొనండి. నిక్షయ్ జాతీయ స్థాయి నమోదు గనుక రాష్ట్రం మారినా బదిలీ సాధ్యమే. పోషణ కోసం ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెరిగింది. నమోదు సరిగా లేకపోతే చికిత్సతో పాటు దీనినీ కోల్పోయే ప్రమాదమున్నది.

నాలుగు, 2021లో దేశవ్యాప్తమైన 14 అంకెల ఆభా ఆరోగ్య సంఖ్య మీకు ఉంటే రెండు ఊళ్ళలోనూ అదే సంఖ్య చెప్పండి. మీ అనుమతితో ఒకచోటి వివరాలు మరొకచోట కనిపించడానికి ఉద్దేశించినది అది. అయితే రెండు చోట్లా సిబ్బంది నమోదు చేస్తేనే ప్రయోజనం. కనుక నోటుపుస్తకాన్ని మానరాదు.

ఐదు, మీ కేంద్రానికి జన ఆరోగ్య సమితి ఉన్నదేమో అడగండి. ఉపకేంద్రం స్థాయిలో దానికి సర్పంచి అధ్యక్షుడు. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసిందంటే, పంచాయతీకి ఈ విషయంలో అడిగే హక్కూ, బాధ్యతా రెండూ ఉన్నాయన్నమాట. సమావేశంలో ఎంతమందికి పరీక్షలు చేశారన్న ప్రశ్నతో ఆగవద్దు. ఎంతమందికి రక్తపోటు అదుపులో ఉన్నది, చికిత్స మానినవారు ఎందరు, వారు ఎక్కడికి వెళ్ళారు అని అడగండి. ఆశా కార్యకర్తకు రావలసిన ప్రోత్సాహకం వచ్చిందా అని కూడా అడగండి. ఆమెకు అందని సొమ్ము చివరకు మనకు అందని సేవగా మారుతుంది.

వైద్యానికి మేలును బట్టి చెల్లించడం న్యాయమైన సూత్రం. ఆ మేలును ఎవరి ఊరిలో, ఎవరి పుస్తకంలో కొలుస్తారన్నది తేలకపోతే మాత్రం సరిహద్దు మనిషి రెండు కొలతలకూ అందకుండా పోతాడు. రాబోయే గ్రామసభలో ఈ ఒక్క ప్రశ్ననైనా సరిహద్దుకు ఇరువైపులా లేవనెత్తడం అవసరం.